మూత్రపిండములలో రాళ్లు - నాటు మూలికలను పరీక్షించుట ఎట్లు?



ముంగారు వానలు తప్పిన యేడు వేరుశనగకు బదులు ఉలవ చల్లుట ముదిగుబ్బ, ధర్మవరం, పెనుకొండ ప్రాంతముల వారికి కొత్త కాదు. ఆ ఉలవలనే ఉడికించి కట్టు త్రాగినచో మూత్రపిండములలోని రాళ్లు కరగిపోవునని చెప్పుకొనుట కూడ మన పల్లెలలో కొత్త కాదు. ఉలవతోపాటు కొండపిండి ఆకు, పల్లేరు కాయలు, అరటి దూట, నేల ఉసిరి అను పేర్లు కూడ వినబడుచుండును. వీనిలో ఏది పనిచేయును? ఏది పనిచేయదు? ఎవరి మాట నమ్మవలెను?

ఈ ప్రశ్న చిన్నది కాదు. రాయి మూత్రమార్గమునకు అడ్డుపడి వారములు, నెలలు అట్లే ఉన్నచో, నొప్పి తగ్గినను లోపల మూత్రపిండము పాడైపోవచ్చును. కషాయముమీద నమ్మకముతో కాలము గడపినవాడు ఒక మూత్రపిండమును పోగొట్టుకొనవచ్చును. అట్లని పెద్దలు చెప్పినదంతయు కల్ల అని త్రోసివేయుటయు తగదు. విత్తనమును పరీక్షించినట్లే మూలికను కూడ పరీక్షించి తెలిసికొనవలెను. ఆ పద్ధతి యేమిటో, ఇంతవరకు జరిగిన పరీక్షలలో తేలినదేమిటో ఈ పాఠములో వివరింపబడినది.

రాయి ఎట్లు పుట్టును?

ఉప్పు మడిలో నీరు ఆవిరియైన కొలది అడుగున ఉప్పు పేరుకొనుట మీరెరుగుదురు. మూత్రములో కూడ కాల్షియం, ఆక్సలేటు, యూరిక్ ఆమ్లము మొదలగు లవణములు కరగియుండును. మూత్రము పలుచగా ఉన్నంత కాలము అవి కరగియే బయటకు పోవును. ఎండలో పనిచేసి, చెమట ఎక్కువగా కార్చి, నీరు తక్కువగా త్రాగినవారి మూత్రము చిక్కబడును. అప్పుడు ఈ లవణములు చిన్న పలుకులుగా ఏర్పడి, ఒకదానికొకటి అంటుకొని రాయిగా పెరుగును. కావుననే వేసవిలో ఈ బాధ హెచ్చుగా కనిపించును.

రాళ్లన్నియు ఒకే జాతివి కావు. ఎక్కువ భాగము కాల్షియం ఆక్సలేటు రాళ్లు. కొన్ని యూరిక్ ఆమ్లపు రాళ్లు. మూత్రములో సూక్ష్మజీవులు చేరుటచే ఏర్పడునవి కొన్ని. వంశపారంపర్యముగా వచ్చునవి అరుదు. నల్లరేగడికి పనికివచ్చిన సేద్యము ఎర్రనేలకు పనికిరానట్లే, ఒక జాతి రాయికి ఉపకరించునది మరియొక జాతికి ఉపకరింపదు. రాయి బయటపడినప్పుడు దానిని పారవేయక, కడిగి, ఎండబెట్టి, పొట్లము కట్టి వైద్యునకు ఇయ్యవలెను. అది ఏ జాతిదో పరీక్షలో తెలియును.

మన మూలికలు

రాయి రోగమును మన పూర్వులు చాల కాలము క్రిందటనే గుర్తించిరి. సుశ్రుత సంహితలో అశ్మరి అను పేరుతో దీనిని గూర్చి ప్రత్యేకముగా చెప్పబడినది. ఉలవలు, పల్లేరు, ఉలిమిరి, పాషాణభేది మొదలగునవి ఆయుర్వేదములో ఈ రోగమునకు వాడుకలో నున్నవి. ఇవిగాక గలిజేరు, కొండపిండి, రణపాల, అరటి దూట, నిమ్మరసము, కొబ్బరినీరు కూడ మన ఇండ్లలో వాడుచుందురు.

నేల ఉసిరి మన చేల గట్లమీద మొలచు చిన్న మొక్క. ఆకుల క్రింద వరుసగా ఉసిరికాయలవంటి చిన్న కాయలుండును. దీని దగ్గరి జాతిని బ్రెజిల్ దేశపు ప్రజలు కూడ ఇదే బాధకు వాడుదురు. వారి భాషలో దాని పేరునకు 'రాళ్లు పగులగొట్టునది' అని అర్థము. ఇంత దూరపు దేశముల వారు ఒకే రకపు మొక్కను ఒకే రోగమునకు వాడుట పరీక్షింపదగిన విషయమే. కాని అది పరీక్షకు మొదలు మాత్రమే, తీర్పు కాదు.

"నాకు తగ్గినది" అనుట ఎందుకు చాలదు?

మూత్రనాళములోనికి జారిన రాయి 5 మిల్లీమీటర్లకు మించనిచో, ఏ మందు లేకుండగనే నూటికి సుమారు 68 మందిలో దానంతట అదే పడిపోవునని అమెరికా, ఐరోపా మూత్రరోగ వైద్య సంఘములు 2007లో అనేక పరీక్షలను కూడి లెక్కగట్టినవి. 5 నుండి 10 మిల్లీమీటర్ల రాళ్లలో నూటికి సుమారు 47 అట్లే పడిపోవును.

ఇప్పుడు ఆలోచించి చూడుడు. చిన్న రాళ్లు గల పదిమంది ఒక ఆకు కషాయము త్రాగిరనుకొనుడు. ఆ కషాయములో ఏ గుణము లేకున్నను ఏడుగురికి రాయి పడిపోవును. ఆ ఏడుగురును "కషాయము మహిమ" అని నలుగురికి చెప్పుదురు. మిగిలిన ముగ్గురు ఆసుపత్రికి పోవుదురు. వారి మాట రచ్చబండకు చేరదు. ఇట్లు పది యేండ్లు గడచినచో ఆ కషాయమునకు ఊరూర పేరు వచ్చును. ఇందులో ఎవరును అబద్ధమాడలేదు. లెక్క మాత్రము పూర్తిగా వేయలేదు.

రెండవ చిక్కు నీరు. కషాయము త్రాగువాడు దానితోపాటు దినమునకు రెండు మూడు చెంబుల నీరు అధికముగా త్రాగును. మేలు చేసినది ఆకా, నీరా? కొత్త ఎరువు వేసిన మడికి ఒక తడి కూడ అదనముగా ఇచ్చి, పంట పెరిగినది ఎరువుచేతనే అని చెప్పినచో మీరు ఒప్పుకొందురా?

మూడవ చిక్కు నివారణకు సంబంధించినది. ఒకసారి రాయి వచ్చినవారిలో దాదాపు సగము మందికి పదేండ్లలోపల మరల వచ్చును. అనగా మిగిలిన సగము మందికి ఏమియు చేయకున్నను రాదు. ఒక మనిషి ఒక యేడు మూలిక వాడి, ఆ యేడు రాయి రాలేదని చెప్పుటవలన ఏమియు తేలదు. ఉన్న రాయి పడుట వారములలో తెలియును. కొత్త రాయి రాకుండుట తెలియవలెనన్న యేండ్లు పట్టును.

మడి పరీక్ష నుండి మందు పరీక్షకు

కదిరి వ్యవసాయ పరిశోధనా స్థానములో కొత్త వేరుశనగ రకమును రైతుకు ఇచ్చుటకు ముందు ఏమి చేయుదురో మీకు తెలియును. పాత రకమును, కొత్త రకమును ప్రక్కప్రక్క మడులలో విత్తుదురు. ఏ మడిలో ఏ రకము వేయవలెనో చీటీలు తీసినట్లు నిర్ణయింతురు. లేనిచో మంచి నేల కొత్త రకమునకే దక్కవచ్చును. ఒక మడితో తృప్తిపడక అనేక మడులలో, అనేక సంవత్సరములు చూచెదరు.

ఈ పద్ధతికి శాస్త్రరూపమిచ్చినది ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా స్థానము. అచ్చట 1919లో చేరిన ఫిషర్ అను గణిత శాస్త్రజ్ఞుడు చీటీల పద్ధతిని, మడుల పునరావృత్తిని నెలకొల్పి, 1935లో ఆ విషయముపై గ్రంథము ప్రకటించెను. తరువాత 1948లో బ్రిటిష్ వైద్య పరిశోధనా మండలి క్షయరోగమునకు స్ట్రెప్టోమైసిన్ మందును పరీక్షించినప్పుడు రోగులను ఇదే విధముగా రెండు గుంపులు చేసెను. మన దక్షిణదేశములో కూడ 1956లో మద్రాసులో నెలకొల్పబడిన క్షయ చికిత్సా కేంద్రము, ఇంటివద్ద మందు తీసికొన్న రోగులను శానటోరియములో చేర్చిన రోగులతో ఇట్లే పోల్చి, ఇంటి వైద్యము దానికి తీసిపోదని 1959లో ప్రకటించెను. అనగా నేడు వైద్యులు నమ్ముకొన్న పరీక్షా విధానము చాలవరకు పొలములో పుట్టినదే. రైతుకు ఇది పరాయి విద్య కాదు.

మూలికను సరిగా పరీక్షింపవలెనన్న ఈ క్రింది షరతులు ఉండవలెను.

1. మొక్క ఏదో ఖాయము కావలెను. వృక్షశాస్త్రజ్ఞుడు గుర్తించిన మొక్కనే, ఒకే మోతాదులో అందరికిని ఇయ్యవలెను.

2. ఒకే తీరు రోగులను చేర్చుకొని, ఎవరు ఏ గుంపులో ఉండవలెనో చీటీలచే నిర్ణయింపవలెను.

3. ఒక గుంపునకు మూలిక, రెండవ గుంపునకు అదే రంగు, అదే రూపము గల మందులేని మాత్ర ఇయ్యవలెను. ఇదియే పోలిక మడి. ఎవరు దేనిని తినుచున్నారో రోగికి గాని, లెక్కించు వైద్యునికి గాని తెలియరాదు. ఇరువురును త్రాగు నీరు సమానముగా ఉండవలెను.

4. ఫలితమును నోటిమాటతో గాక, మొదటను చివరను స్కానింగు తీసి, 24 గంటల మూత్రమును పరీక్షించి కొలవవలెను.

5. తగినంతమంది, తగినన్ని యేండ్లు ఉండవలెను.

6. మధ్యలో మానివేసిన వారిని కూడ లెక్కలో చూపవలెను. ఎండిపోయిన మొక్కలను వదలి, బ్రతికినవానిని మాత్రమే లెక్కించి దిగుబడి చెప్పిన మీరు ఒప్పుకొనరు గదా!

7. రోగులకు విషయము తెలిపి సమ్మతి తీసికొనవలెను. మన దేశములో ఇట్టి పరీక్షలను 2007లో ప్రారంభమైన భారత క్లినికల్ పరీక్షల రిజిస్ట్రీలో ముందుగనే నమోదు చేయించవలెను.

ఇప్పటివరకు తేలినదేమి?

మొదటి మెట్టు ఎలుకల పరీక్ష. ఉలిమిరి బెరడు, పల్లేరు, అరటి దూట రసము - వీనిని ఎలుకలకు ఇచ్చి మన దేశములోనే పరీక్షలు జరిగినవి. ఇందు మద్రాసు విశ్వవిద్యాలయపు పరిశోధకుల కృషి గమనింపదగినది. ఎలుకలలో ఆక్సలేటు తగ్గుట, రాతి పలుకులు తక్కువగుట కనబడినది. ఇది మంచి సూచన. కాని ఎలుకకు విషము పెట్టి కొద్ది వారములలో పుట్టించిన రాయి వేరు. మనిషిలో యేండ్ల తరబడి పెరిగిన రాయి వేరు. కుండీలో బాగుగా పెరిగిన మొక్క పొలములో అట్లే పండునని చెప్పలేము.

రెండవ మెట్టు మనుష్యులలో పరీక్ష. నేల ఉసిరి జాతి మొక్కను గూర్చి ఇట్టివి రెండు ముఖ్యమైనవి. 2004లో ప్రకటించిన బ్రెజిల్ పరీక్షలో 69 మంది రోగులకు మూడు నెలలు మూలిక గాని, మందులేని గొట్టము గాని ఇచ్చిరి. రాళ్లు పడుటలోను, నొప్పి తగ్గుటలోను రెండు గుంపులకు తేడా కనబడలేదు. అయితే మూత్రములో కాల్షియం హెచ్చుగా పోవువారిలో మాత్రము అది కొంత తగ్గెను. 2006లో ప్రకటించిన ఇటలీ పరీక్షలో, యంత్రపు తరంగములచే రాళ్లు పగులగొట్టిన 150 మందిలో 78 మందికి దినమునకు 2 గ్రాముల మూలిక ఇచ్చిరి. 72 మందికి ఏమియు ఇయ్యలేదు. ఆరు నెలలకు మొదటి గుంపులో నూటికి 93.5, రెండవ గుంపులో నూటికి 83.3 మందికి రాళ్లు లేవు. ఇంతపాటి తేడా యాదృచ్ఛికముగా కూడ రావచ్చునని లెక్కలో తేలెను. మూత్రపిండపు అడుగు గదిలో రాళ్లున్నవారిలో మాత్రము 93.7కు 70.8 అను తేడా వచ్చినది; ఇది గమనింపదగినదే. కాని వారు ముందుగా యంత్ర చికిత్స పొందినవారు, రెండవ గుంపునకు మందులేని మాత్ర కూడ లేదు. కావున నేల ఉసిరి ఒంటిగా రాయిని కరగించునని దీనినిబట్టి చెప్పరాదు. చికిత్స తరువాత మిగిలిన పొడి బయటపడుటకు తోడ్పడవచ్చునని మాత్రము చెప్పవచ్చును.

ఉలవలను గూర్చి కాశీ హిందూ విశ్వవిద్యాలయపు వైద్యులు 2010లో ఒక పరీక్ష ప్రకటించిరి. ఉలవలను పొటాషియం సిట్రేటు అను మందుతో పోల్చిరి. ఫలితము ఉలవలకు అనుకూలముగనే వచ్చినది. కాని రోగులు యాబదిమందికి లోపు. కాలము నెలలే గాని యేండ్లు కాదు. ఒక్క మండలములో ఒక్క కారు పండిన విత్తనమువంటిది ఈ ఫలితము. ఆశ పెట్టుకొనవచ్చును; నమ్మి కూర్చుండరాదు.

మన దేశపు బజారులో చాలకాలముగా అమ్ముచున్న ఒక మూలికల మాత్రను అమెరికాలో పదిమంది రోగులపై పరీక్షించి 2011లో ఫలితములు ప్రకటించిరి. మూత్రములోని లవణములలో చెప్పుకోదగిన మార్పు ఏమియు రాలేదు.

నిమ్మరసము మాట వేరు. నిమ్మలోని సిట్రేటు కాల్షియంను పట్టుకొని రాయి కట్టకుండ చేయును. మూత్రములో సిట్రేటు తక్కువగా ఉన్న 12 మందికి నిమ్మనీరు ఇచ్చినప్పుడు అది రెట్టింపునకు పైగా పెరిగెనని 1996లో అమెరికాలో చూపిరి. సిట్రేటును మందుగా ఇచ్చినప్పుడు మేలు ఇంకను స్పష్టము. 1997లో ప్రకటించిన 64 మంది పరీక్షలో మూడేండ్లలో మందులేని మాత్ర తీసికొన్నవారిలో నూటికి 63.6 మందికి, పొటాషియం మెగ్నీషియం సిట్రేటు తీసికొన్నవారిలో నూటికి 12.9 మందికి కొత్త రాళ్లు వచ్చెను. కాని 2022లో ఇటలీలో 203 మందిపై తాజా నిమ్మరసమునే పరీక్షించినప్పుడు, రసము త్రాగినవారిలో రాళ్లు కొంత తక్కువగా వచ్చినను, ఆ తేడా గట్టిగా రుజువు కాలేదు. కడుపులో మంట మొదలగు బాధలచే పలువురు మధ్యలోనే మానివేసిరి.

నీటి మాట

ఇన్ని పరీక్షలలో అన్నింటికంటె చౌక మందు నీరే. ఇటలీలో మొదటిసారి రాయి వచ్చిన 199 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపునకు దినమునకు రెండు లీటర్ల మూత్రము వచ్చునట్లు నీరు త్రాగుడని చెప్పిరి. రెండవ గుంపునకు ఏమియు చెప్పలేదు. ఐదేండ్లకు నీరు త్రాగిన 99 మందిలో 12 మందికి, తక్కిన 100 మందిలో 27 మందికి రాళ్లు మరల వచ్చెను. ఈ ఫలితము 1996లో ప్రకటింపబడినది.

అదే దేశములో 120 మంది పురుషులపై ఆహార పరీక్ష చేసి 2002లో ప్రకటించిరి. పాలు, పెరుగు తగ్గించిన 60 మందిలో 23 మందికి రాళ్లు మరల వచ్చెను. పాలు, పెరుగు మామూలుగా తీసికొని, ఉప్పు, మాంసము తగ్గించిన 60 మందిలో 12 మందికే వచ్చెను. రాయిలో కాల్షియం ఉన్నది గనుక పాలు మానవలెనను మాట దీనితో వీగిపోయినది. పెరుగులోని కాల్షియం ఆహారములోని ఆక్సలేటును ప్రేగులలోనే పట్టి బయటకు పంపును. ఉప్పు ఎక్కువైన కొలది మూత్రములో కాల్షియం ఎక్కువగా పోవును.

మూలికలలో జాగ్రత్తలు

మొదటి జాగ్రత్త పేరు. పాషాణభేది అను పేరుతో ఉత్తరదేశమున ఒక కొండ మొక్కను వాడుదురు. దక్షిణదేశమున కొన్నిచోట్ల కొండపిండిని, మరికొన్నిచోట్ల వేరు మొక్కలను అదే పేరుతో అమ్ముదురు. గలిజేరులో ఎర్రది వేరు జాతి, తెల్లది వేరు జాతి. తెల్ల గలిజేరు మన వేరుశనగ చేలలో కలుపుగా మొలచును. దాని ఆకులో ఆక్సలేటు ఎక్కువ. రాయి రాకుండుటకని ఒక ఆకు తెచ్చి, రాయికి మూలమగు ఆక్సలేటునే త్రాగువాడు ఎంత నష్టపోవునో చూడుడు.

పొరపాటు మొక్కవలన కలుగు హాని ఊహ కాదు. బెల్జియం దేశములో బరువు తగ్గుటకని ఇచ్చిన మూలికలలో ఒకదానికి బదులు గాడిదగడపాకు కుటుంబపు మొక్క కలిసిపోయినది. దానివలన స్త్రీలకు మూత్రపిండములు చెడిపోవుట 1993లో బయటపడెను. అటువంటి రోగులు నూరుమందికి మించిరి. ఆ కుటుంబపు గాడిదగడపాకు మన పొలములలో కూడ మొలచును. దానిని ఏ కషాయములోను కలుపరాదు. కేరళలో బిలింబి కాయల రసమును ఎక్కువగా త్రాగిన పదిమందికి ఆక్సలేటు పేరుకొని మూత్రపిండములు దెబ్బతినినట్లు 2013లో వైద్యులు ప్రకటించిరి. పచ్చి రసములు పరగడుపున గ్లాసులకొలది త్రాగుట మంచిది కాదు.

మూత్రపిండముల శక్తి అప్పటికే తగ్గినవారు కొబ్బరినీరు, అరటి దూట రసము వైద్యుని అడుగక త్రాగరాదు. వీనిలోని పొటాషియం వారి రక్తములో నిలిచిపోయి గుండెకు ప్రమాదము తెచ్చును. గర్భిణులు, రక్తపోటునకు, మధుమేహమునకు మందులు వాడువారు కూడ కషాయముల మాట ముందుగా వైద్యునకు చెప్పవలెను.

"రాళ్లు గ్యారంటీగా కరగించెదము" అను ప్రకటనలు చూచి మోసపోకుడు. మూత్రపిండములలో రాళ్లకు మందు కలదని ప్రకటించుట 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టము ప్రకారము నిషిద్ధము.

మీరు చేయదగినది

ఉలవచారు, ఉలవ గుగ్గిళ్లు మంచి ఆహారము. మితముగా తినుటకు అడ్డులేదు. నిమ్మకాయ నీరు కడుపునకు పడినవారు త్రాగవచ్చును. అందు ఉప్పు వేయకుడు. కాని వీనిని తోడుగా మాత్రమే ఎంచి, ఈ క్రింది పనులను ముఖ్యముగా చేయుడు.

ఒక దినము మీ మూత్రమును కొలిచి చూడుడు. లీటరు గుర్తులు గల ప్లాస్టిక్ డబ్బా ఒకటి ప్రత్యేకముగా పెట్టుకొనుడు. ఉదయము లేచి మొదటి మూత్రమును బయట విడిచి, అప్పటినుండి మరునాటి ఉదయపు మొదటి మూత్రము వరకు అంతయు డబ్బాలో పట్టుడు. రెండున్నర లీటర్లు ఉన్నచో మంచిది. రెండు లీటర్లకు తక్కువైనచో మీరు త్రాగు నీరు చాలలేదు. పొలము పనిలో చెమటగా పోవునది ఎక్కువ గనుక, వేసవిలో ఇన్ని లీటర్లు త్రాగవలెనని ఒకే లెక్క చెప్పలేము; మూత్రపు కొలతయే సరియైన లెక్క. వేసవిలో ఒకసారి, వానకాలములో ఒకసారి, చలికాలములో ఒకసారి కొలిచి పుస్తకములో వ్రాసికొనుడు. తక్కిన దినములలో మూత్రపు రంగు చూచిన చాలును. అది ఎండుగడ్డి రంగుకంటె చిక్కగా ఉండరాదు. గుండె జబ్బు, మూత్రపిండముల జబ్బు ఉన్నవారు మాత్రము నీటి మోతాదును వైద్యునిచేతనే నిర్ణయించుకొనవలెను.

పొలమునకు పోవునప్పుడు నీటి సీసాను మరువకుడు. పడుకొనబోవు ముందు ఒక గ్లాసు త్రాగుడు. రాత్రివేళనే మూత్రము మిక్కిలి చిక్కబడును. ఉప్పు మొత్తముమీద దినమునకు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచా, మించరాదు. ఊరగాయ, ఊరమిరపకాయ, అప్పడములలోని ఉప్పు కూడ ఇందులోనిదే. పాలకూర, తోటకూర, వేరుశనగ గింజలలో ఆక్సలేటు ఉండును. ఆక్సలేటు రాళ్లు వచ్చినవారు వీనిని మితముగా, పెరుగుతోగాని మజ్జిగతోగాని తినుట మేలు.

మూలిక వాడదలచినచో, వాడుటకు ముందు స్కానింగులో రాయి ఎంతున్నదో, ఎచ్చట ఉన్నదో వ్రాసికొనుడు. వాడిన మొక్క, తేదీ, త్రాగిన నీరు కూడ వ్రాయుడు. వైద్యుడు చెప్పిన గడువులో మరల స్కానింగు చేయించుడు. ఒక్కరి లెక్కతో మూలిక గుణము రుజువు కాదు. కాని రాయి పెరుగుచున్నదో, మూత్రపిండము ఉబ్బుచున్నదో మీకు తెలియును. నొప్పి తగ్గుట రాయి పోయినదనుటకు గుర్తు కాదని మరువకుడు.

ఎప్పుడు ఆగరాదు?

నడుము నొప్పితో చలిజ్వరము వచ్చినను, మూత్రము బిగిసినను, మూత్రములో రక్తము పడినను, వాంతులచే నీరు కూడ నిలువకున్నను, ఒకే మూత్రపిండము గలవారికి నొప్పి వచ్చినను, గర్భిణికి నొప్పి వచ్చినను, కషాయము కాచుచు కూర్చుండరాదు. జ్వరముతో కూడిన అడ్డంకి గంటలలో ప్రాణాపాయము కావచ్చును. వెంటనే దగ్గరి ఆసుపత్రికి చేరవలెను. ఈ ప్రాంతమువారికి అనంతపురములో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి కలదు. పుట్టపర్తివద్ద ప్రశాంతిగ్రామములో 1991లో ప్రారంభమైన శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య సంస్థలో ఉచితముగా వైద్యము చేయుదురు. 10 మిల్లీమీటర్లకు మించిన రాయి తనంతట తాను పడుట అరుదు గనుక, నొప్పి లేకున్నను అట్టి రాయిని మూత్రరోగ వైద్యునకు చూపవలెను.

పొట్టేళ్లకు, ఎద్దులకు కూడ

ఈ బాధ పశువులకును కలదు. మూత్రమార్గము సన్నగా ఉండుటచే పొట్టేళ్లలో, మేకపోతులలో, ఎద్దులలో రాయి అడ్డుపడును. చిన్న వయస్సుననే విత్తులు కొట్టించిన వానికి మార్గము ఇంకను సన్నగిల్లును. అమ్మకానికి పెంచు పొట్టేళ్లకు తవుడు, గింజలు అధికముగా పెట్టినచో భాస్వరము ఎక్కువై రాళ్లు కట్టును. మేతలో కాల్షియం భాస్వరమునకు రెండు రెట్లు ఉండవలెను. దీనికై దాణా తగ్గించి, పప్పుజాతి చొప్ప, వేరుశనగ కట్టె వంటి మేత పెంచుడు. శుభ్రమైన నీరు ఎల్లప్పుడు అందుబాటులో ఉంచుడు. పశువులకు మేతలో కొంత ఉప్పు కలుపుట మేలు, ఏలయన అవి దప్పికతో ఎక్కువ నీరు త్రాగును. మనుష్యులకు చెప్పినదానికి ఇది విరుద్ధముగా తోచినను ఉద్దేశము ఒకటే, మూత్రము పలుచబడుట. మేతలో కలుపు అమ్మోనియం క్లోరైడు మోతాదును పశువైద్యుని అడిగి తెలిసికొనుడు. జీవము ముక్కుచు, తోక ఆడించుచు, మూత్రము చుక్కలుగా పోయుచున్నచో, నాటుమందు పోయక ఆ దినమే పశువైద్యశాలకు తోలుకొనిపోవలెను.

పాఠముపై ప్రశ్నలు

1. పదిమంది కషాయము త్రాగగా ఏడుగురికి చిన్న రాళ్లు పడినచో, కషాయము పనిచేసినదని చెప్పవచ్చునా? ఎందుకు?

2. మూలిక పరీక్షలో పోలిక మడి అనగా ఏమి?

3. నీటి పరీక్షలో 99 మందిలో 12 మందికి, 100 మందిలో 27 మందికి రాళ్లు మరల వచ్చినవి. మీ ఊరిలో ఒకసారి రాయి వచ్చినవారు 40 మంది ఉన్నచో, అందరును తగినంత నీరు త్రాగుటవలన ఐదేండ్లలో సుమారు ఎందరికి ఈ బాధ తప్పును? (జవాబు: సుమారు ఆరుగురికి.)

4. మీ ఇంటిలో నిన్నటి మూత్రపు కొలత ఎంత?

నాలుగవ ప్రశ్నకు జవాబు పుస్తకములో దొరకదు. డబ్బా తెచ్చి కొలిచి వ్రాయుడు.